సరిజోడు

ప్రేమమ్మ టీచర్‌కి గెలుపంటే విసుగు పుట్టి చాలా కాలమైంది. ఓటమంటే అంతకన్నా విసుగు. ఆవిడకు కావలసింది ఈ రెండూ కాదు. ఆట ముగింపుకొచ్చేసరికి క్యారమ్ బోర్డు మీద తనదొక కాయిన్, అవతలివాళ్ళదొక కాయిన్ మిగిలి ఉండాలి. అంతే. యాభై రెండేళ్ళ మనిషి ఈ లోకాన్ని అడిగే కోరికల్లో ఇది మరీ పెద్దదేమీ కాదని ఆవిడ ఉద్దేశం. లోకం మాత్రం ఇవ్వడం లేదు.

పర్చూరు హైస్కూల్లో ఆవిడ తెలుగు టీచరు. చీరాలలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో, ఒక మూల పగిలిపోయిన బోర్డు మీద ఆట నేర్చుకుంది. పదో తరగతికి వచ్చేసరికి హాస్టల్లో ఆవిడ ఎదురుగా కూర్చునేవాళ్ళు లేరు. ఉద్యోగంలో చేరాక స్టాఫ్ రూములో ఒక బోర్డు దొరికింది. లెక్కల మాస్టారూ, డ్రిల్లు మాస్టారూ మొదట్లో సరదాగానే వచ్చేవాళ్ళు. వరసగా ఆరు వారాలు ఓడాక, లెక్కల మాస్టారికి సరిగ్గా లంచ్ టైములోనే పేపర్లు దిద్దాల్సిన పని గుర్తుకు రావడం మొదలైంది. డ్రిల్లు మాస్టారు నడుం నొప్పన్నాడు. డ్రిల్లు మాస్టారికి నడుం నొప్పేమిటని ఆవిడ అడగలేదు. బోర్డు బీరువా వెనక్కి చేరి పదకొండేళ్ళయింది.

ఊళ్ళో క్లబ్బుంది. అందులో రెండు బోర్డులున్నాయి. ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసిలేదు. రాసి ఉంటే ఆవిడ వెళ్ళి పోట్లాడేది. రాయకుండా అమలయ్యే వాటితోనే చిక్కు.

అందుకని ఫోను. క్యారమ్స్ ఆడే యాప్ ఒకటి వేయించుకుని, మొదట సొంత పేరే పెట్టింది. నాలుగు రోజుల్లో పదకొండు మంది ‘హాయ్ ఆంటీ’ అన్నారు. ఆ పదకొండు మందిలో ఒక్కడికీ రెడ్ వేశాక దానికి కవర్ వేయడం రాదు. పేరును ‘ప్రేమ్ పర్చూరు’ అని ఇంగ్లీషులో మార్చేసింది. ఆ క్షణం నుంచి అందరికీ ఆవిడ ‘బ్రో’ అయిపోయింది. బ్రో అంటే ఫరవాలేదు, ఆట మీద ధ్యాస ఉంటే చాలనుకుంది. అదీ లేదు. రెండు కాయిన్లు వెనకబడగానే ఆట వదిలేసి పోయేవాళ్ళు కొందరు. కాయిన్ పడినప్పుడల్లా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు పంపేవాళ్ళు కొందరు. ఇంకొందరు మనుషులో యంత్రాలో తెలియదు. ఆవిడ చేతికి స్ట్రయికర్ రాకుండానే తొమ్మిదీ వేసి వెళ్ళిపోయేవాళ్ళు.

ప్రతి ఆటకీ ముందు తెర మీద ఒక గుండ్రటి గీత తిరుగుతూ, ‘మీ సరిజోడును వెతుకుచున్నాము’ అని వచ్చేది.

“ఈ వయసులో నీకు సరిజోడేంటే?” అన్నాడు జయరావు, ఒకసారి వెనక నుంచి చూసి. ఆయన ఆవిడ భర్త. ఆర్టీసీలో రిటైరై, చర్చి కార్యదర్శిగా ఉంటూ, మిగతా సమయమంతా ఆవిడ చేసే పనుల మీద వ్యాఖ్యానం చెబుతుంటాడు.

“వాడెవడో అనువాదం అట్టా తగలబెట్టాడండీ. సమానంగా ఆడేవాళ్ళని వెతుకుతున్నాడన్నమాట.”

“దొరికారా?”

“తొమ్మిది నెలలైంది వెతకబట్టి. మీరు కాస్త అవతలికి వెళ్ళండి, వెలుగుకి అడ్డం.”

పోయిన దసరా సెలవులయ్యాక, బడి తెరిచిన మొదటి వారం, లంచ్ టైములో తేజ దొరికాడు. తేజ తర్వాత ఏవో అంకెలున్నాయి, ఆవిడ పట్టించుకోలేదు. మొదటి ఆట ఒక్క కాయిన్ తేడాతో పోయింది. రెండోది ఒక్క కాయిన్ తేడాతో వచ్చింది. మూడో ఆట మధ్యలో బెల్లు కొట్టారు. ఎనిమిదో తరగతిలోకి వెళ్ళి పద్యం చెబుతుంటే ఆవిడ చూపుడువేలు పుస్తకం అట్ట మీద దానంతటదే చిటికె వేస్తోంది.

మర్నాటి నుంచి ఒంటిగంటా పదికి ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆ టైముకి తేజ ఉండేవాడు, ఆదివారాలు తప్ప. ఒక్కో ఆటకీ పావుగంట పట్టేది, ఎందుకంటే ఒక్కో దెబ్బకి ఇచ్చే పదిహేను సెకన్లలో అతను పద్నాలుగు వాడుకునేవాడు. ఇది పొగరని ఆవిడ అనుకుంది. పొగరైనా ఫరవాలేదనుకుంది. నాలుగు నెలల్లో ఆవిడవి నూటపదహారు ఆటలు, తేజవి నూటపద్నాలుగు.

తేజ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆట అయ్యాక ఇంగ్లీషు అక్షరాల్లో ‘malli’ అనేవాడు. ఆవిడ మంచి దెబ్బ వేస్తే ‘supper’ అనేవాడు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం చూస్తే ప్రేమమ్మకి ఒళ్ళు మండుతుంది. ఆవిడ మాత్రం శుభ్రంగా తెలుగులోనే రాసేది: ‘ఆ కోణం ఎంచుకోవడం బాగుంది.’ ‘రెడ్ కోసం తొందరపడ్డారు.’ దేనికీ జవాబుండేది కాదు, బొటనవేలు బొమ్మ ఒకటి తప్ప. మొండివాడు, నేర్చుకోడు అనుకునేది. నేర్చుకోకపోయినా మర్నాడు వచ్చేవాడు కదా, అది చాలు.

ఫిబ్రవరిలో ఒకరోజు బడికి తనిఖీకి అధికారులొచ్చారు. ఆ చిరాకు ఆటలోకి తెచ్చుకుంది ప్రేమమ్మ. తన కాయిన్లు వేసుకోవడం మానేసి, తేజ కాయిన్లు పాకెట్ దగ్గరికి పోకుండా అడ్డం పెట్టడం మొదలుపెట్టింది. ఇది ఆటలో తప్పేమీ కాదు. చూడటానికే బాగుండదు. నాలుగోసారి అడ్డం పెట్టగానే తెర మీద ఒక ముక్క వచ్చింది.

‘atta aadaku.’

దాని కింద ఇంకొకటి. ‘bore.’

ప్రేమమ్మ చెయ్యి ఆగిపోయింది. అత్తా, ఆడకు.

తను ఆడమనిషినని వీడికెలా తెలుసు? వయసెలా తెలుసు? నాలుగు నెలలుగా బ్రో అనుకున్నవాణ్ణి ఇప్పుడు అత్తని చేసి, ఆడకు, బోరు కొడుతున్నావు అంటాడా? ఎవరో తెలిసినవాడే. స్టాఫ్ రూములో తల తిప్పి చూసింది. లెక్కల మాస్టారు పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటున్నాడు. ఆ మొహంలో ఏమీ లేదు. ఎప్పుడూ ఉండదు.

తేజని బ్లాక్ చేసేసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది. “ఏవండీ, నేను ఫోన్లో ఆడతానని ఎవరితోనన్నా అన్నారా?”

“నన్నెవరడుగుతారే?”

“అత్తా అన్నాడు వాడు. అత్తా, ఆడకు అన్నాడు.”

“మీ తమ్ముడి కొడుకేమో. వాడే కదా నిన్ను అత్తా అనేది.”

“వాడికి రెడ్డుకీ తెల్లదానికీ తేడా తెలియదు.”

“అయితే ఇంకెవరికో అత్తవి,” అని జయరావు టీవీ వైపు తిరిగాడు.

మర్నాడు ఒంటిగంటా పదికి కోపం దిగిపోయింది. అత్తా అంటే అన్నాడు, ఆట మాత్రం ఆడాడు కదా అనిపించింది. బ్లాక్ తీసేసింది. తీశాక చూస్తే స్నేహితుల జాబితా ఖాళీ. తేజ అని వెతికితే వేలమంది వచ్చారు. తేజ కింగ్, తేజ రాయల్, తేజ లవర్ బాయ్. ఆ అంకెలేమిటో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి వేమన పద్యాల నంబర్లు కూడా చెప్పగలిగే బుర్ర, రెండంకెలు ఉంచుకోలేకపోయింది. గుండ్రటి గీత మళ్ళీ తిరగడం మొదలైంది. మొదటివాడు రెండు కాయిన్లకే పారిపోయాడు. రెండోవాడు తొమ్మిదికి తొమ్మిదీ వేశాడు.

వేసవి సెలవుల్లో ఆ యాప్‌లోనే ఒక ప్రకటన కనిపించింది. గుంటూరు చుట్టుపక్కల క్యారమ్స్ ఆడేవాళ్ళు వాట్సాప్ గ్రూపులో చేరండి అని. నడిపేది మార్క్ అనే అతను, వేటపాలెంలో జీడిపప్పు యూనిట్లో సూపర్‌వైజరు. చేరి, తను పర్చూరులో టీచర్నని చెప్పుకుంది. గ్రూపులో పద్దెనిమిది మంది ఉన్నారు. పొద్దున్నే ఆరింటి నుంచి పద్దెనిమిది గులాబీ పూలు వస్తాయి. తర్వాత శుభోదయాలు. తర్వాత ఎండ దెబ్బకి మజ్జిగ తాగమని సలహాలు. క్యారమ్స్ ఆడదాం రండి అని ఎవరైనా అంటారేమోనని పది గంటల దాకా ఎదురుచూసి, చివరికి ఆవిడే అనేది.

మార్క్ మంచివాడు. మర్యాదస్తుడు. తొమ్మిదికి రెండుతో ఓడిపోతాడు. బాపట్లలో పౌరోహిత్యం చేసే శేషాచలం గారు ముహూర్తాలు లేనప్పుడు దొరికేవారు. ఆయన ఎదురుగా ఆవిడకి కాయిన్ ముట్టుకునే అవకాశమే ఉండేది కాదు. ముగించాక ఫోన్ చేసి, “అమ్మా, మీరు మూడో దెబ్బలో చేసిన పొరపాటేమిటంటే...” అని పావుగంట చెప్పేవారు. ఒకాయన ఆకాశం, ఒకతను పాతాళం. మధ్యలో నిలబడ్డానికి చోటు లేదు.

జూన్లో బడి తెరిచాక ఒక సాయంత్రం గ్రూపులోకి కొత్త నంబరు వచ్చింది. కొత్తవాళ్ళు ఎవరో ఏమిటో నోటితో చెప్పాలని మార్క్ పెట్టిన నియమం. ప్రేమమ్మ పప్పు కుక్కరు పొయ్యి మీద పెట్టి, ఫోను గట్టు మీద ఆనించి ఆ మాట విన్నది. ఆడగొంతు.

“సలామండీ. నా పేరు షాజాదీ. నల్లపాడులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల పనికి పోతా. ఆటలో పేరు తేజ. మా యార్డులో ఎక్కువొచ్చే కాయ అదే, అందుకని పెట్టుకున్నా. ఆడదాని పేరు పెడితే ఎదవగోల కదండీ. పర్చూరు ప్రేమన్నతో రోజూ ఆడేదాన్ని. బాగా ఆడతాడు. ఒకరోజు అస్తమానం అడ్డం పెడతా ఉంటే, అట్టా ఆడకు అన్నా. అంతే, నన్ను తీసేశాడు. నేను తప్పుగా ఏమీ అన్లా. ఆయన ఎవురికన్నా తెలిస్తే ఈ మాట చెప్పండి.”

అట్టా.

కుక్కరు కూత వేసింది. ప్రేమమ్మకి వినపడలేదు. పిల్లల వ్యాసాల్లో ‘అట్టా’ కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేసి పైన ‘అలా’ అని రాయడం ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పని. ఎన్ని వేలసార్లు కొట్టేసిందో! కొట్టీ కొట్టీ, ఆ మాటను ఎవరైనా రాస్తారన్న సంగతే మరిచిపోయింది.

“ఏంటే, మాడు వాసన?” జయరావు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడ ఫోను చూపించింది. ఆయన రెండుసార్లు విన్నాడు.

“అట్టానా? అత్తా కాదా?” అని గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. “ఎంతమంది చేత గుంజీలు తీయించావే ఆ మాటకి!”

“గుంజీలు తీయించలేదు. కొట్టేశాను, అంతే.”

“నువ్వు ఇంట్లో మాట్లాడేదంతా అట్టా ఇట్టానే కదే.”

“మాట్లాడటం వేరు, రాయడం వేరు. మీరు ముందు ఆ పొయ్యి ఆపండి.”

గ్రూపులో అందరికీ విషయం చెప్పక తప్పలేదు. ప్రేమన్న తనేనని, పొరపాటు తనదేనని. మార్క్ వెంటనే ఫోన్ చేశాడు. “టీచర్ గారూ, అత్త అయితే టీ పక్కన హెచ్ పెడతారండి. హెచ్ లేకపోతే అట్టానే.”

“ఈ వ్యాకరణం ఎవరు రాశారు బాబూ?”

“ఎవరూ రాయలేదండి. అందరికీ తెలుసు.”

రాయకుండా అమలయ్యేవి ఇంకా ఎన్ని ఉన్నాయో అనుకుని ఆవిడ ఫోను పెట్టేసింది.

షాజాదీకి విడిగా క్షమాపణ రాసింది. తెలుగులో, పదహారు వాక్యాలు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఫోన్లో రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంటే చూసింది. జవాబు మాత్రం ఒక ప్రశ్నార్థకం. కాసేపటికి ఫోన్ మోగింది.

“టీచర్ గారా? నేనండీ, షాజాదీని. మీరు పంపింది నాకు రాదండీ. నేను ఉర్దూ స్కూల్లో ఏడు దాకా చదివా. తెలుగు మాట్లాడటమే. ఫోన్లో ఏబీసీడీలు చూసి చూసి నేర్చుకున్నా.”

“మరి ఆటలో నేను రాసినవన్నీ?”

“అయ్యి బాగున్నాయనే అనుకునేదాన్నండీ. అందుకే వేలు బొమ్మ పెట్టేదాన్ని.”

నాలుగు నెలలు మెచ్చుకున్న మాటలూ, దిద్దిన తప్పులూ అన్నీ వేలు బొమ్మల కింద పోయాయన్నమాట. ప్రేమమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. “పోనీలే. రేపు ఒంటిగంటా పదికి వస్తావా?”

“మీరు రమ్మంటే రానా టీచర్ గారూ!”

ఆ ‘గారూ’ దగ్గరే ఆవిడ జాగ్రత్త పడవలసింది.

మర్నాడు ఆవిడ తొమ్మిదికి అయిదుతో గెలిచింది. చేతికి అలవాటు తప్పి ఉంటుంది అనుకుంది. ఆ మర్నాడు తొమ్మిదికి నాలుగు. మూడో రోజు షాజాదీ కాయిన్ పాకెట్ మూతి మీదే కూర్చుని ఉంది, ఊదితే పడిపోయేలా. స్ట్రయికర్ దాని పక్క నుంచి పద్ధతిగా వెళ్ళిపోయింది. నాలుగు నెలల్లో తేజ అలాంటి కాయిన్ ఒక్కటి కూడా వదలలేదు.

ఫోన్ చేసింది. “కావాలని ఓడిపోతున్నావా?”

“అయ్యో, లేదండీ! మీరు ఆడతన్నారు, నేను ఓడిపోతన్నా.”

“మూతి మీద కాయిన్ ఎందుకు వదిలావు?”

“చెయ్యి జారిందండీ.”

“రోజుకి మూడుసార్లు జారుతుందా?”

“టీచర్ గారండీ మీరు. పెద్దోరు. ప్రేమన్న అయితే వేరే సంగతి. ఆయన్ని అయితే మనసులో తిట్టుకుంటా కొట్టేదాన్ని. మిమ్మల్ని ఎట్టా తిట్టుకుంటానండీ?”

“తిట్టుకోవమ్మా. నేను చెబుతున్నా కదా.”

“ఊరుకోండి, టీచర్ గారూ.”

వారం రోజులు ఇలాగే సాగింది. కసిరింది, బతిమాలింది. మళ్ళీ బ్లాక్ చేస్తానని బెదిరించింది. బెదిరించిన రోజు తొమ్మిదికి రెండు. ఇంత గౌరవంతో ఏం చేసుకోవాలో ఆవిడకి అర్థం కాలేదు. బళ్ళో ఎవరూ ఇవ్వని గౌరవం, అక్కర్లేనిచోట వచ్చి నెత్తిన కూర్చుంది.

జూలై రెండో శనివారం సెలవు. పొద్దున్నే చీర కొంగు బిగించి, “గుంటూరు వెళ్ళొస్తా,” అంది.

“ఎందుకు?”

“సరిజోడు కోసం,” అని, జయరావు నోరు తెరిచేలోపే గుమ్మం దిగింది.

పెదనందిపాడు మీదుగా బస్సు. రెండు పక్కలా పత్తి విత్తనం వేసిన నల్లరేగడి, వాన కోసం నోరు తెరుచుకుని ఉంది. గుంటూరులో దిగి ఆటో ఎక్కితే, నల్లపాడు రాకముందే తుమ్ములు మొదలయ్యాయి. కోల్డ్ స్టోరేజీ వెనక పెద్ద రేకుల షెడ్డు. టిక్కీలు, అంటే మిరపకాయల గోనె బస్తాలు, విప్పి నేల మీద కుప్పలు పోశారు. కుప్పకి ఎనిమిది మంది చొప్పున ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని కూర్చుని కాయలకి తొడిమలు తీస్తున్నారు. గాలి అంతా మంట.

నలభై ఏళ్ళ సన్నటి మనిషి గబగబా లేచి వచ్చింది. “టీచర్ గారా? నిజంగా వచ్చేశారా! రండి, రండి. ఓ మౌలాబీ, ఆ స్టూలు ఇట్టా ఇయ్యి!”

మౌలాబీ ఆ ముఠాకి మేస్త్రి. స్టూలు ఇచ్చింది కానీ, గోడ గడియారం వైపు చూపించింది. “మాటలు ఒంటిగంటకి. ముందు ఈ కుప్ప తేలాల.”

పన్నెండున్నర అయింది. ప్రేమమ్మ స్టూలు పక్కకి జరిపి, షాజాదీ ఎదురుగా నేల మీద కూర్చుంది. షాజాదీ వద్దు వద్దంటున్నా ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. షాజాదీ కుడిచేతి వేళ్ళకి మూడింటికి గుడ్డ చుట్టి ఉంది. ఆటలో ఒక్కో దెబ్బకి పద్నాలుగు సెకన్లు ఎందుకు పట్టేదో అప్పుడు తెలిసింది. ఆ చేత్తో ఫోను ముట్టుకుంటే ఇంటికెళ్ళాక పిల్లల కళ్ళు మండుతాయట, అందుకని ఎడమచేత్తో ఆడుతుంది.

ప్రేమమ్మ మొదటి కాయ తొడిమ లాగింది. కాయ చీలి గింజలు ఒళ్ళో పడ్డాయి. రెండోదీ అంతే. మూడోది మధ్యకి విరిగింది.

“అయ్యో, లాగమాకండి. తిప్పాల,” అంది షాజాదీ.

నాలుగోది తిప్పింది. తొడిమ సగం కాయకే ఉండిపోయింది. అయిదోది చీలింది.

“ఏందిది! చెప్తంటే ఇనపడట్లా? ఇట్టా పట్టుకో, ఇట్టా తిప్పు. కాయంతా పాడుచేస్తన్నావ్. దీన్ని తాలుకాయల్లో కూడా తీసుకోరు. తీ, చెయ్యి తీ అవతలికి!”

అని, షాజాదీ గుడ్డ చుట్టిన చేత్తో నోరు మూసుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు.

“తప్పయిపోయిందండీ టీచర్ గారూ.”

“ఇప్పుడు నన్నెందుకు తిట్టావు?” అంది ప్రేమమ్మ.

“కాయ పాడైపోద్దనండీ.”

“కాయ పాడైతే తిడతావు. వారం రోజులుగా నా ఆట పాడుచేస్తుంటే నేనేం చెయ్యాలి? పర్చూరు నుంచి బస్సూ ఆటో ఎక్కి ఎందుకొచ్చాననుకున్నావు, నీ నమస్కారం కోసమా? అది రోజూ బళ్ళో నాలుగొందలమంది పెడతారు. ఒక్కళ్ళకీ ఆట రాదు.”

మౌలాబీ అంది, నవ్వకుండా: “అవునే, నిన్ను పదో తరగతి పాస్ చేసుద్దా ఏంది ఆమె, ఓడిపోతన్నావ్?”

ఒంటిగంటకి గంట కొట్టగానే అన్నం డబ్బాలు పక్కన పెట్టి, హమాలీలు ఆడుకునే బోర్డును టిక్కీల మీద నుంచి దించారు. పౌడరు లేదు. మౌలాబీ తన సంచీలోంచి మొహానికి పూసుకునే పౌడరు డబ్బా తీసి చల్లింది. బోర్డంతా మల్లెపూల వాసన, చుట్టూ మిరప ఘాటు. ప్రేమమ్మ నాలుగుసార్లు తుమ్మి, మొదటి దెబ్బ వేసింది.

స్ట్రయికర్ బోర్డు దాటి, గోడకి తగిలి, కుప్పలో పడింది.

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. షాజాదీ దాన్ని వెతికి తెచ్చి, తన వంతు వేసింది. కాయిన్లను ముట్టుకోకుండానే స్ట్రయికర్ తిన్నగా పాకెట్లో పడింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఫోన్లో గీత గీసి చూపిస్తుంది, ఎటు పోతుందో. ఇక్కడ చెక్క. చెక్క ఏమీ చెప్పదు. ప్రేమమ్మ వేలికి పదకొండేళ్ళ తుప్పు. పైగా ఇందాకటి మిరప మంట గోటి కిందికి దిగింది. షాజాదీ ఫోను తప్ప చెక్క బోర్డు ముట్టుకున్నది పెళ్ళికి ముందేనట.

“బాగా ఆడతామని ఫోన్లు పట్టుకుని ఎగురుతున్నారే ఇద్దరూ!” అంది ఎవరో.

“నువ్వు నోరు ముయ్యి,” అంది షాజాదీ, మోకాళ్ళ మీదికి లేస్తూ.

ఆట పాకుతూ ముందుకు పోయింది. ఆవిడ ఒకటి వేస్తే, నాలుగు దెబ్బల తర్వాత షాజాదీ ఒకటి. రెడ్ రెండుసార్లు పడి, కవర్ పడక రెండుసార్లూ మధ్యకి వచ్చింది. అన్నం తినడానికి ఎవరూ లేవలేదు. ప్రేమమ్మ ఒక కాయిన్‌కి అడ్డం పెట్టింది. “మళ్ళీ మొదలెట్టావా నీ అడ్డం ఆట!” అని అరిచి షాజాదీ ఆ రెండింటినీ కలిపి కొట్టింది. ‘గారూ’ ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

ఒంటిగంటా యాభైకి రెడ్ ప్రేమమ్మకి దక్కింది. బోర్డు మీద తెల్లది ఒకటి, నల్లది ఒకటి. ప్రేమమ్మ తెల్లదాన్ని చూసి, ఊపిరి బిగబట్టి, చిటికె వేసింది. కాయిన్ పాకెట్ అంచుకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. షాజాదీ స్ట్రయికర్ పెట్టడమేమిటి, కొట్టడమేమిటి, నల్లది లోపల పడిపోవడమేమిటి! షెడ్డు రేకులు ఎగిరిపోయేలా ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

“ఫౌల్!” అంది ప్రేమమ్మ.

“ఏంది ఫౌలు?”

“స్ట్రయికర్ రెండు గీతలూ తాకాలి. నువ్వు పెట్టింది పై గీతకి తగల్లేదు.”

“తగిలింది!”

“తగల్లేదు. నేను చూశాను.”

“నువ్వు తుమ్మతన్నావ్ అప్పుడు! ఏం చూశావ్?”

“తుమ్ముతూ చూశా. ఫోన్లో అయితే అదే పెట్టేసుకుంటుంది, అందుకని నీకు పెట్టడం రాదు.”

“నాకా రాదు? ఓడిపోయి మాట్లాడతన్నావ్ నువ్వు!”

“మౌలాబీ, నువ్వు చెప్పు,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మౌలాబీ బోర్డు మీదికి వంగి, చాలాసేపు గీతలు చూసింది. స్ట్రయికర్ ఇప్పుడు ఎక్కడో ఉంది. “నేను కాయిన్నే చూశా, గీతని చూళ్ళా,” అంది. ఇంతలో రెండు గంటల గంట కొట్టారు. “లెగండి, లెగండి. ఇంకో లారీ టిక్కీలు దిగతన్నాయ్.”

ప్రేమమ్మ నల్ల కాయిన్‌ను పాకెట్లోంచి తీసి, అది ఇందాక ఉన్నచోట పెట్టింది. షాజాదీ దాన్ని తీసి మళ్ళీ పాకెట్లో వేసింది. ప్రేమమ్మ మళ్ళీ తీసింది.

“పని దిగేది ఎన్నింటికి?” అని అడిగింది మౌలాబీని.

“అయిదింటికి.”

“ఈ బోర్డు మీద ఎవరూ చెయ్యి వేయొద్దు.” ఒక ఖాళీ గోనె తెచ్చి బోర్డు మీద కప్పింది. పర్చూరు బస్సు మూడున్నరకి. ఫోన్ తీసి జయరావుకి చెప్పింది, రాత్రి అన్నం ఆయనే వండుకోవాలని, సాయంత్రం చర్చి కమిటీ మీటింగులో తన కోసం చూడొద్దని చెప్పమని.

“ఆడావా? ఎవరు గెలిచారు?”

“అదే తేలలేదండీ. ఈ మనిషికి గీతలు కనపడవు, ఒప్పుకోదు. మహా మొండి ఘటం. మీరు పెట్టేయండి ఫోను, నాకిక్కడ పని ఉంది.”

షాజాదీ అప్పటికే కుప్ప దగ్గర కూర్చుని, మొహం అటు తిప్పుకుని తొడిమలు తిప్పుతోంది. ప్రేమమ్మ వెళ్ళి ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు కాయలు లాక్కుంది.

“తగల్లేదు,” అంది.

“తగిలింది,” అంది షాజాదీ, తలెత్తకుండా. “కాయ చీల్చమాక.”